మా ఊరి పిట్టల చెక్‌లిస్టు కార్డు: బట్టమేక పేరు ఉంచాలా, తీసెయ్యాలా?

నందికొట్కూరు_బయాలజీ_టీచర్:

అందరికీ నమస్తే. రోళ్లపాడు పిట్టల శాంక్చురీకి దగ్గర్లో ఒక జెడ్పీ హైస్కూల్లో బయాలజీ చెప్తాను. పోయిన జనవరిలో మా ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల కోసం పిట్టల చెక్‌లిస్టు కార్డు ఒకటి చేసినా. చేసిన తీరు చెప్తే తప్పు యాడుందో మీకే తెలుస్తాది. ఈబర్డ్ అని పిట్టలు చూసేటోళ్ళు తమ లిస్టులు ఎక్కించే వెబ్‌సైటు ఉంది కదా, దాంట్లో మా జిల్లా లిస్టు తీసుకున్నా, శాంక్చురీది పాత లిస్టు జిరాక్సు ఒకటి దొరికితే అదీ కలిపినా, మొత్తం 214 పేర్లు వచ్చినాయి. ఇంగ్లీషు పేరు, దాని పక్కన నెట్‌లో దొరికిన తెలుగు పేరు, టిక్కు పెట్టడానికి ఒక గడి. నాలుగు మడతల కార్డు, మెరిసే కాగితం మీద కలర్ ప్రింటు, 30 కాపీలు, డబ్బులు నేనే పెట్టుకున్నా.

తెల్లారి ఆరున్నరకు పిల్లల్ని గడ్డి బీడు దగ్గరికి తోలుకపోయినా. మొదటి పేజీ తెరిస్తే అంతా బాతులే. ఈబర్డ్ వరస బాతులతో మొదలైతాది కదా, నేను అట్లే ఉంచేసినా. మేం నిలబడిన చోట నీటి చుక్క లేదు. తొమ్మిదో తరగతి పాప ఒకామె కరెంటు తీగ మీద ఏట్రింతను చూసి పేరు కరెక్టుగా చెప్పింది, కార్డులో దాన్ని వెతుక్కోడానికి మూడు మడతలు తిప్పింది, గాలికి కార్డు పటపటా కొట్టుకుంటా ఉంది, పేరు దొరికేలోపల పిట్ట లేచిపాయ. దొరికినాకన్నా టిక్కు పెడదామంటే ఆ మెరిసే కాగితం మీద పెన్సిలు పడలా. ఊరపిచ్చుకది ఆఖరి పేజీ, అంత దూరం ఒక్కరూ పోలేదు. స్కూలు వరండాలో ట్యూబులైటు వెనక గూడు పెట్టే పిచ్చుకకు 30 కార్డుల్లో ఒక్క టిక్కు లేదు.

అసలు బాధ ఇంకొకటి. ఇంటికొచ్చి కార్డులు చూస్తే ముగ్గురు పిల్లలు బట్టమేకకు, అదే గడ్డి బీళ్ళల్లో తిరిగే పెద్ద పిట్ట గ్రేట్ ఇండియన్ బస్టర్డ్‌కు, టిక్కు పెట్టినారు. పిలిచి అడిగితే పెద్దది మేడం, మట్టి రంగు, పొడుగు మెడ, గడ్డిలో నడిచిపోయింది అన్నారు. అది ఆడ నెమలి, నేనూ చూసినా. పిల్లల తప్పేం లేదు, కార్డులో పేరుంది కాబట్టి ఉంటాదనుకున్నారు, ఆ పేరు పెట్టిందే నేను. 1988లో ఈ శాంక్చురీ పెట్టిందే బట్టమేక కోసం, మా ఊరి పేరు నలుగురికీ తెలిసింది దాని వల్లే, ఏళ్ళ తరబడి ఎవరికీ కనపడకపోయినా ఆ లైను తీసెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు.

వానలు పడేలోపల మళ్ళీ చేద్దామనుకుంటున్నా. ఎన్ని పేర్లుండాల, ఏ వరసలో పెట్టాల, తెలుగు పేర్లు యాడ్నుంచి తీసుకోవాల, బట్టమేకను ఏం చెయ్యాల. చేసినోళ్ళు ఎవరన్నా ఉంటే చెప్పండి.

చెరువుగట్టు_హైదరాబాద్:

టీచర్ గారూ, ఆ 30 కార్డులు ఉన్నాయా? ఉంటే పారెయ్యకండి. పిల్లలు ఏ పేరు దగ్గర ఆగారో, ఏ మడత అసలు తెరవలేదో అవే చెప్తాయి, కొత్త కార్డుకి అంతకన్నా మంచి సలహా ఎవరూ ఇవ్వలేరు.

నేను ఇక్కడి చెరువులకి ఇట్లాంటివి రెండు మూడు చేశాను, మొదటిది మీ కార్డులాగే ఎవరికీ పనికిరాలేదు. తర్వాత అర్థమైంది ఏంటంటే చెక్‌లిస్టు అనే ఒకే మాటతో మనం రెండు వేరే వేరే వస్తువుల్ని పిలుస్తున్నాం. ఒకటి, ఒక ప్రాంతంలో ఇంతవరకు గట్టి ఆధారంతో రికార్డయిన పిట్టలన్నిటి జాబితా. అందులో ఎప్పుడో ఒకసారి దారి తప్పి వచ్చిందీ ఉండాలి, ఇప్పుడు కనబడకుండా పోయిందీ ఉండాలి, ఎవరు ఎప్పుడు చూశారో ఉండాలి. 2016లో ఇండియన్ బర్డ్స్ పత్రికలో మన దేశం మొత్తానికి వచ్చిన చెక్‌లిస్టు అట్లాంటిది, 1263 జాతులు. రెండోది జేబులో పెట్టుకునే కార్డు. ఈ నెలలో ఈ బీడు గట్టున నిలబడ్డ మనిషికి ఏవేవి కనబడొచ్చో చెప్పేది. మీరు మొదటిదాన్ని మడతలు పెట్టి రెండోదానిలాగా పిల్లల చేతికిచ్చారు, చాలామంది చేసేది అదే.

జేబు కార్డుకి 60, 70 పేర్లు చాలు. ఏవి ఎంచాలో ఈబర్డ్ బార్ చార్టు చూసి తేల్చుకోవచ్చు. అందులో ఒక్కో నెలకి నాలుగు గళ్ళుంటాయి, గీత ఎంత లావుంటే ఆ వారంలో వచ్చిన కంప్లీట్ చెక్‌లిస్టుల్లో, అంటే గుర్తుపట్టినవన్నీ రాసిన లిస్టుల్లో, అంత ఎక్కువ శాతంలో ఆ పిట్ట ఉన్నట్టు. 100 లిస్టులొస్తే 40 లిస్టుల్లో పాలపిట్ట ఉందనుకోండి, 40 శాతం. మామూలుగా కనబడేది, అరుదు అని ఎవరో ఒకరు తన అంచనాతో రాసేకంటే దీన్ని చూసి రాస్తే రేపు ఇంకొకరు సరిచూసుకోడానికి ఉంటుంది.

కానీ మీ దగ్గర ఒక చిక్కుంది. హారియర్లు అనే ఒక రకం గద్దలు రాత్రికి గడ్డిలో దిగే దృశ్యం కోసం నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి కెమెరాలు వేసుకుని మేమందరం వస్తాం. జూలైలో ఎవరు వస్తున్నారు? ఆ నెలలో మొత్తం ఆరు లిస్టులే ఉంటే మూడింట్లో కనబడిన పిట్ట కూడా 50 శాతం అని చూపిస్తుంది, అసలు లిస్టే లేకపోతే గడి ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీకి అర్థం అక్కడ మనిషి లేడని, పిట్ట లేదని కాదు. రోళ్లపాడుకి బట్టమేక కుటుంబంలోని చిన్న పిట్ట లెస్సర్ ఫ్లోరికన్ వచ్చేదే వానల్లో, పూరేడు పిట్టలు గొంతెత్తేది వానల్లో, నేల మీద గూడు కట్టేవి చాలా వరకు అప్పుడే కడతాయి. మీ పిల్లలు ఏడాది పొడుగునా అక్కడే ఉంటారు కదా, జూన్ నుంచి సెప్టెంబరు దాకా వారానికి ఒక్క 15 నిమిషాల లిస్టు చేస్తే మా అందరి శీతాకాలం ఫోటోలకంటే అది విలువైనది, నిజంగా చెప్తున్నాను.

కార్డు పైభాగాన ఒక వరస తప్పకుండా పెట్టండి, తేదీ, మొదలుపెట్టిన టైము, ఎన్ని నిమిషాలు, ఎంత దూరం నడిచారు, ఎంతమంది. దాని కింద, గుర్తుపట్టిన పిట్టలన్నీ రాశావా, అవును లేదా కాదు. ఈ ఒక్క ప్రశ్నకి అవును అని ఉంటేనే టిక్కు లేని గడికి ఒక అర్థం వస్తుంది. మీ పిచ్చుక సంగతే చూడండి, ఇప్పుడు ఆ 30 కార్డుల్ని పదేళ్ళ తర్వాత ఎవరైనా చూస్తే ఆ ఊళ్ళో పిచ్చుకలు లేవనుకుంటారు. టిక్కు బదులు లెక్క రాయిస్తే ఇంకా మంచిది.

ఇంకొక్కటి. తెలీదు అని రాసుకోడానికి చోటివ్వండి. ఆడ మాంటెగ్యూస్ హారియరూ ఆడ పాలిడ్ హారియరూ రెండూ గోధుమ రంగే, రెండిటికీ తోక మొదట్లో తెల్ల పట్టీనే, 20 ఏళ్ళుగా చూస్తున్న నాకే దూరంగా పోతుంటే ఏదో చెప్పడం రాదు. అందుకే ఈబర్డ్‌లో రెండు పేర్లూ గీత పెట్టి కలిపిన లైను ఒకటి ఉంటుంది. మీ కార్డులో కూడా హారియర్, ఏదో తెలీదు అని ఒక గడి ఉండాలి, గడి లేకపోతే పిల్లలు ఏదో ఒకదానికి టిక్కు పెట్టేస్తారు. కింద రెండు ఖాళీ గీతలు కూడా, పెద్దది, మట్టి రంగు, పొడుగు మెడ అని రాసుకొచ్చుంటే ఆ ముగ్గురూ ఆడ నెమలిని చక్కగా వర్ణించినవాళ్ళయ్యేవాళ్ళు.

మిడుతూరు_గొర్లమంద:

మేడం మాది మీకు దగ్గరే. మా నాయన ఆ బీళ్ళల్లో గొర్లు మేపినోడు, నేను కర్నూలులో మెడికల్ షాపులో చేస్తుంటా, పిట్టల పిచ్చి మాత్రం మా నాయన దగ్గర్నుంచే వచ్చింది.

తెలుగు పేర్లు నెట్‌లో తియ్యొద్దు మేడం. ఇంగ్లీషు పేరును ముక్క ముక్కా తెలుగు చేసి పెట్టినవి ఉంటాయి ఆడ. బూడిద తల పిచ్చుక భరతపక్షి అని మా నాయనకు సదివి వినిపిస్తే యా పిట్టరా అది అన్నాడు. అట్ల కాదు నాయనా, దున్నిన చేలో నేలకి అతుక్కోని ఉంటాది, మగదానికి పొట్ట నల్లగా, పైకి లేచి మెట్లు మెట్లుగా జారుకుంటా దిగుతాది అంటే ఆ సన్న పిట్టనా అని ఎంటనే పట్టుకున్నాడు. దానికి మా పక్క వేరే పేరేం లేదంట, సన్న పిట్టే. అట్లాంటప్పుడు మనం కొత్త పేరు పుట్టించాల్సిన పని లేదు, యాషీ క్రౌన్డ్ స్పారో లార్క్ అని తెలుగు అక్షరాల్లో రాసేస్తే సరిపోతాది, పిల్లోళ్ళు క్రికెటర్ల పేర్లు పలకట్లేదా.

ఉండే పేర్లు మాత్రం పోగొట్టొద్దు. ఏట్రింతను కొన్ని ఊర్లల్లో పసుల పోలిగాడంటారు, పశువుల వీపు మీద ఎక్కి తిరుగుతాది కాబట్టి, రెండూ రాయండి. తీతువు, జెముడుకాకి, పికిలిపిట్ట, గిజిగాడు, కౌజు, గోరింక, లకుముకి, ఇవి పిల్లోళ్ళకు ఇంట్లోనే వచ్చు. ఇంకొక తిరకాసు ఉంది, మన పేరు ఒక్కటే ఉంటాది, దాని కింద పిట్టలు నాలుగుంటాయి. పూరేడు అంటే రెయిన్ క్వెయిలూ పూరేడే, జంగిల్ బుష్ క్వెయిలూ పూరేడే, బటన్ క్వెయిలూ పూరేడే. తెల్లకొంగ అంటే చిన్నదీ పెద్దదీ ఎద్దుల ఎంట తిరిగేదీ అన్నీ తెల్లకొంగలే. కాబట్టి కార్డులో పూరేడు అని పెద్దక్షరాలు పెట్టి దాని కిందనే మూడు చిన్న లైన్లు పెట్టండి, తెలిసినోడు చిన్న లైనులో రాస్తాడు, తెలియనోడు పెద్ద లైనులో రాస్తాడు, ఎవురిదీ తప్పు కాదు.

పెద్దోళ్ళ దగ్గరికి పోయినప్పుడు ఫోటో ముందు చూపించొద్దు మేడం. ఫోటోలో అన్ని పిట్టలూ ఒకే సైజులో ఉంటాయి, వాళ్ళకు తికమక. ఫోన్లో కూత వినిపించండి, నడక చెప్పండి, యా పంటలో ఉంటాదో చెప్పండి. మా నాయన కూత ఇనగానే పేరు చెప్తాడు. బట్టమేకను చూసినోడే, జొన్న కోసినాక చేలల్లోకి దిగేవి, మగది గొంతు కింద సంచి ఊదుకోని కూస్తే గాలి తగ్గిన పొద్దున చానా దూరం ఇనపడేదంటాడు. కాలవ నీళ్ళొచ్చి పంటలు మారినాక తగ్గిపోయినాయి అని ఆయన లెక్క.

టెక్సాస్_రాయలసీమ:

ఇక్కడ అమెరికాలో నేషనల్ వైల్డ్‌లైఫ్ రెఫ్యూజీలకి పోతే చెక్‌లిస్టు కరపత్రం ఇస్తారండి, ఒక్కో పిట్టకి ఎదురుగా నాలుగు నిలువు గళ్ళు, స్ప్రింగ్, సమ్మర్, ఫాల్, వింటర్, ఒక్కో గడిలో ఒక అక్షరం, ఎక్కువ, మామూలు, తక్కువ, అప్పుడప్పుడు, అరుదు అని. అక్కడే గూడు పెట్టేదానికి పేరు పక్కన చుక్క గుర్తు. ఒక్క చూపులో తెలిసిపోతుంది, నాకు చాలా నచ్చుతుంది. మనకి మాత్రం ఆ నాలుగు కాలాలు కుదరవు, వానకాలం, చలికాలం, ఎండకాలం మూడు గళ్ళు చాలు. మా తాతయ్య ఏ పని చెప్పినా కార్తెల్లో చెప్పేవారు, మృగశిర, ఆరుద్ర, స్వాతి అని. చాతకం ఫలానా కార్తెలో వచ్చింది అని పిల్లలు ఇంట్లో చెప్తే పెద్దవాళ్ళు కూడా లెక్క పెట్టుకుంటారు, కార్డు వెనక నెలల పక్కన కార్తెలు కూడా వేసి చూడండి.

కార్డు మీద ఏ ఏడాది వెర్షనో రాయడం మర్చిపోకండి, పేర్లు మారిపోతుంటాయి. 2024లో ఈబర్డ్ క్యాటిల్ ఈగ్రెట్‌ని రెండు జాతులు చేసింది, మన దగ్గరిది ఇప్పుడు ఈస్టర్న్ క్యాటిల్ ఈగ్రెట్.

బట్టమేక గురించి నా అభిప్రాయం, తీసెయ్యండి. కనబడే అవకాశం లేని పేరు పిల్లల చేతిలో పెట్టకూడదు. మీరే చూశారు కదా ముగ్గురు టిక్కు పెట్టారు. ఆ డేటా ఎక్కడైనా ఎక్కితే రివ్యూ చేసే వాలంటీర్లకి పని, పిల్లలకి చిన్నబోవడం.

లంకమల_దారి:

టెక్సాస్ అన్నా, మీ మాటతో ఒప్పుకోలేను, కారణం చెప్తాను. మాది కడప. కలివికోడి కథ మీకు తెలిసే ఉంటుంది, 1900 తర్వాత ఎవరికీ కనబడక ఇక లేదని అనుకున్నారు. 86 ఏళ్ళ తర్వాత, 1986లో మా జిల్లాలోనే మళ్ళీ దొరికింది. దొరకడానికి కారణం ఇక్కడి మనుషులు దాన్ని ఎరిగి ఉండటం, రాత్రిపూట పిట్టలు పట్టే ఒక స్థానికుడి చేతికే అది చిక్కింది. కలివి పొదల్లో తిరిగే కోడి అని జనం నోట్లో పేరు బతికి ఉండబట్టి బయటి నుంచి వచ్చినవాళ్ళకి అడగడానికి ఒక మాట దొరికింది. లిస్టులో అయిపోయిందని కొట్టేస్తే మన వరకు సరే, ఊళ్ళో పిల్లలకి ఆ పేరే తెలియకుండా పోతే రేపు నిజంగా ఎదురుపడినా ఏదో కోడి అనుకుని వచ్చేస్తారు.

బట్టమేక అట్లా తిరిగి వస్తుందని నేను చెప్పట్లేదు. అంత పెద్ద పిట్ట అంత చిన్న బీట్లో దాక్కుని ఉండదు, శాంక్చురీయే ఆరు చదరపు కిలోమీటర్ల పైచిల్లర. నేను చెప్పేది టిక్కు గడి తీసెయ్యండి, పేరు తియ్యొద్దు అని. కార్డు ఆఖరి మడతలో వేరే పెట్టె కట్టి, ఒకప్పుడు ఇక్కడ ఉండినవి అని రాసి, దాని బొమ్మ ఒకటి వేసి పక్కనే ఆడ నెమలి బొమ్మ కూడా అదే కొలతలో వెయ్యండి. కింద ఒక మాట, ఇది చూశాననిపిస్తే టైము, చోటు రాసుకో, వీలైతే ఫోటో తియ్యి, టీచర్‌కి మాత్రమే చెప్పు. ఆ చోటు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దని పిల్లలకి గట్టిగా చెప్పండి, ఫ్లోరికన్‌కి కూడా అంతే, గూడు ఉందని తెలిస్తే ఫోటోల కోసం గడ్డంతా తొక్కేస్తారు, నేను కళ్ళారా చూశాను.

ఇంకో సంగతి, అందరూ బట్టమేక దగ్గరే ఆగిపోతున్నారు. స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్ 2023 రిపోర్టులో పాత కాలంతో పోల్చడానికి సరిపడా డేటా ఉన్న 338 జాతుల్లో 60 శాతం తగ్గాయని తేలింది. గట్టిగా తగ్గుతున్నాయి, వీటి స్థితిని మళ్ళీ పరిశీలించాలి అని అందులో చెప్పినవాటిలో మన పాలపిట్ట కూడా ఉంది. దసరా నాడు చూడటానికి బయల్దేరతాం, మిగతా 364 రోజులు లెక్క పెట్టేవాళ్ళు లేరు. మీ కార్డులో మొదటి మడత పాలపిట్ట, పిచ్చుక, తీతువు, గోరింకలకి ఇవ్వండి.

చెరువుగట్టు_హైదరాబాద్:

లంకమల గారు చెప్పిన పెట్టె ఐడియా నా దానికంటే బాగుంది, పూర్తి జాబితాలో ఉంటే చాలులే అనుకుని నేను ఆ లైను వదిలేద్దును. మిడుతూరు తమ్ముడి మాటకి ఒకటి కలుపుతాను, జెర్డన్ అనే బ్రిటిష్ డాక్టరు నెల్లూరులో సివిల్ సర్జన్‌గా ఉన్నప్పుడు పిట్టల తెలుగు పేర్లు అడిగి రాసుకున్నాడు, 1860ల్లో అచ్చయిన ఆయన పుస్తకాల్లో ఒక్కో పిట్ట కింద ఆ పేర్లుంటాయి. పిట్టా అని ప్రపంచమంతా వాడే శాస్త్రీయ నామం మన తెలుగు పిట్టే. అప్పటి పేర్లలో ఎన్ని ఇంకా మీ ఊళ్ళో బతికున్నాయో పిల్లలతో అడిగించండి, చాలా మంచి ప్రాజెక్టు అవుతుంది.

వరస గురించి మర్చిపోయాను. చోటుని బట్టి పెట్టండి, ఊరు ఇళ్ళు, పొలం తీగలు, గడ్డి బీడు, నీళ్ళు, ఆకాశంలో. ఒకే పిట్ట రెండు చోట్ల కనబడితే ఎక్కువ కనబడే చోటే పెట్టండి, రెండుసార్లు రాస్తే లెక్క రెండింతలవుతుంది. బాతుల మడత అలగనూరు రిజర్వాయర్‌కి పోయిన రోజున తెరుస్తారు.

నందికొట్కూరు_బయాలజీ_టీచర్:

అందరికీ చానా థ్యాంక్స్, ఒక్కొక్కరి మాటా నోటుబుక్కులో ఎక్కించుకున్నా. 30 కార్డులూ ఉండాయి, మీరు అడిగినాక మళ్ళీ తీసి చూస్తే 214 పేర్లల్లో ఒక్క టిక్కన్నా పడినవి 41. ఆ 41 మొదట తీసుకోని, వానకాలానివి, హారియర్లు కలిపి 64 పేర్లకు తెచ్చినా.

మొన్న ఆదివారం మిడుతూరు తమ్ముడి వాళ్ళ నాయన దగ్గరికి ఆరుమంది పిల్లల్ని తీసుకోని పోయినా. ఏపచెట్టు కింద మంచమేసుకోని కూర్చోనుండె. ఫోన్లో కూత పెడితే కండ్లు మూసుకోని ఇన్నాడు. కౌజు కూత పెట్టగానే ఇది నాకెందుకు ఇనిపిస్తావమ్మా, ఆ పక్క చేలో కూస్తానే ఉంది కదా అన్నాడు, నిజంగానే కూస్తా ఉండె, మాకెవరికీ అంతవరకు ఇనపడలేదు. బట్టమేక కూత దొరికింది ఒకటి, అది పెట్టినా. ఏం మాట్లాడలేదు. ఇంకోసారి పెట్టమ్మా అన్నాడు. మూడు సార్లు పెట్టించుకున్నాడు. టిక్కు పెట్టిన ముగ్గుర్లో ఇద్దరు ఆడే ఉండిరి, అది ఎంత ఎత్తుంటాదో చేత్తో చూపించమని అడిగినారు, ఆయన మంచం కోడు దాటి ఇంకొంచెం పైకి, నడుం దాకా పెట్టి చూపించినాడు. నెమలి ఎంతో కూడా అదే చేత్తో చూపించినాడు. ఆఖరి మడతలో బొమ్మలు ఆ ఇద్దరు పిల్లలే ఏస్తామన్నారు, పక్కపక్కన, ఒకే కొలతలో.

కాగితం ఈసారి మెరిసేది కాదు, మామూలు గరుకు అట్ట, రెండే మడతలు, మూలకు బెజ్జం కొట్టి దారంతో పెన్సిలు కడుతున్నా. ముందు పది కాపీలు జిరాక్సులో తీసి వాడి చూసి తప్పులు దిద్దినాకే ప్రింటుకు ఇస్తా. మూడు కాలాల గళ్ళల్లో ఎండకాలం, వానకాలం గళ్ళు చానా వరకు ఖాళీగానే వదిలేసినా, అవి పిల్లలే నింపుతారు. మొదటి 15 నిమిషాల లిస్టు మృగశిర కార్తె మొదలైన వారంలోనే, ఆదివారం పొద్దున ఆరుకు, బీడు గేటు దగ్గర.

మిడుతూరు_గొర్లమంద:

మేడం మా నాయనా వస్తానంటుండాడు ఆ పొద్దు. ఆయనకు కార్డొద్దంట, మీ పిల్లోళ్ళల్లో రాసే చెయ్యి బాగుండేదాన్ని ఒకదాన్ని పక్కన నిలబెట్టమన్నాడు, ఆయన చెప్తాడంట ఆ పాప రాసుకోవల్లంట. ఆరుకంటే ఐదున్నరకు వస్తే మేలు, పూరేళ్ళు ఎలుగు రాకముందే కూస్తాయంటాడు.